ఖాళీ బండి బరువు

డ్రైవింగు స్కూల్లో మొదటి వారం అంతా పాఠాలే. బండి దగ్గరికి వెళ్ళనివ్వరు. మా తరగతిలో పద్దెనిమిది మంది ఆడవాళ్ళం. సౌదీలో ఆడవాళ్ళకు లైసెన్సు ఇవ్వడం మొదలై ఇంకా ఎంతో కాలం కాలేదు కాబట్టి అందరి ముఖాల్లోనూ పండగ ఉంది. పాఠం చెప్పే అమ్మాయి బోర్డు మీద కారు, వ్యాను, లారీ బొమ్మలు వేసి, "మీకు వచ్చే లైసెన్సుతో ఎంత బరువున్న బండి దాకా నడపొచ్చు?" అని అడిగింది. ఎవరికీ తెలియలేదు. వెనక నుంచి ఒకావిడ, "మా ఆయన ఎక్కి కూర్చుంటే ఎంతవుతుందో అంత" అంది. అందరూ నవ్వారు.

నాకు తెలుసు. మూడు వేల ఐదు వందల కిలోలు. అవి ఏ కిలోలో కూడా తెలుసు. అయినా చెయ్యి ఎత్తలేదు. నలుగురిలో చెయ్యెత్తడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. జవాబు తెలిసినా నోట్సులో రాసుకుని ఊరుకునేదాన్ని. ఈ దేశానికి వచ్చాక ఒకే ఒక్కసారి ఎత్తాను. ఆ సంగతి డైరీలో ముక్కలుముక్కలుగా ఉంది. ఒకచోట రాద్దామని ఇప్పుడు కూర్చున్నాను.

నేను పశ్చిమ గోదావరి నుంచి తబూక్‌కు నర్సుగా వచ్చాను. మా క్లినిక్కుకు ఒక బండి ఉండేది. అది మొదట క్లినిక్కు బండి కాదు. మా కఫీల్, అంటే మా వీసాలకు పూచీ ఉండే యజమాని, చలికాలంలో పిల్లలతో ఎడారిలో విడిది చేయడానికి బయటిదేశం నుంచి తెప్పించుకున్న మోటార్‌హోమ్. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు, మూలన ఒక మనిషి మాత్రమే నిలబడగల స్నానాల గది. పిల్లలు పెద్దవాళ్ళై ఆ మోజు తీరాక ఆయన దాన్ని క్లినిక్కుకు ఇచ్చేశాడు. ఒక మంచం పీకేసి పరీక్ష బల్ల వేశారు. బయట ఆసుపత్రి గుర్తుగా ఎర్ర చంద్రవంక అతికించారు. తబూక్ చుట్టూ గోధుమ, పశువుల గడ్డి, ద్రాక్ష, పూల పొలాలు. ఒక్కో పొలంలో వందలమంది కూలీలు. వాళ్ళ దగ్గరికే వెళ్ళి బీపీ, షుగరు చూసి, దెబ్బలకు కట్లు కట్టి, మందులిచ్చి రావడం మా పని. సుడాన్ డాక్టరమ్మ, నేను, డ్రైవరు బాబాయి. ముగ్గురం.

బాబాయి నాకు చుట్టం కాదు. సిరిసిల్ల వైపు మనిషి. అప్పటికి యాభై ఆరేళ్ళు. మొదటి రోజు నేను "బాబాయ్ గారూ" అంటే ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టి నవ్వాడు.

"గారు ఎందుకు బిడ్డా? నేనేమన్న తాసిల్దారునా?"

"మరేమనాలండీ?"

"అండీ కూడా వద్దు. మా దిక్కు కాకా అంటరు. నీకు బాబాయ్ అలవాటుంటే అదే అను. గారు మాత్రం బండి దిగేదాక మర్చిపో."

గారు మర్చిపోయాను గానీ, మీరు అనడం మానలేకపోయాను.

ఆయన ఉండేది ఆ బండిలోనే. అంతకు ముందు ఐదుగురు కలిసి గది తీసుకున్నారట. సౌదీలను ఎంతమందిని పెట్టుకున్నారో చూసి కంపెనీలకు పసుపు, పచ్చ అని రంగులు వేయడం, బయటిదేశం వాళ్ళకు తలకింత అని లెవీ కట్టించుకోవడం వచ్చాక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ రోజుల్లో తబూక్‌లో మా వాళ్ళ ఇళ్ళు కూడా వరసగా ఖాళీ అయ్యాయి. ఏ మెట్ల దగ్గర చూసినా పరుపులు, పిల్లల సైకిళ్ళు. గది అద్దె ఒక్కడికి భారమై బాబాయి బండి వెనక మంచం మీదికి చేరాడు. మంచం కింద బియ్యం డబ్బా, రేకు పెట్టె, ఒక బరువైన పనిముట్ల పెట్టె. ఆయన ఇరవై ఏళ్ళ క్రితం ఇక్కడికి ప్లంబరుగా వచ్చాడు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, దాని మీద ఇప్పటికీ అదే ఉంది. డ్రైవరు పని అలవాటుగా వచ్చి చేరిన పని. చేతిలో మామూలు ప్రైవేటు లైసెన్సు. బండి తాళంచెవి ఎవరో ఇచ్చారు, ఈయన నడిపాడు. ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అడగలేదు.

నా పుస్తకాల కోసం ఆయన టమాటా పెట్టెల చెక్కతో పరీక్ష బల్ల పైన ఒక అర కొట్టాడు. బండి కుదుపుకు పుస్తకాలు పడకుండా ముందు ఒక రబ్బరు పట్టీ కట్టాడు. పొలాల్లో మేము రోగుల్ని చూస్తుంటే బయట బండి నీడలో కూర్చుని అందులోంచి ఒక నవల తీసి చదివేవాడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, నెలకు పది పేజీలు.

"ఈ పిల్ల ఆఖరికి ఆ ఇంట్లనే ఉంటదా, ఎల్లిపోతదా?"

"చదవండి బాబాయ్. నేను చెప్పను."

"గట్లనా? ఇగ నేను అరవై ఏండ్ల దాక ఈడనే ఉండాలె నీ పుస్తకం కోసం."

ఆయన ఉండాల్సింది పుస్తకం కోసం కాదు. వాళ్ళ ఊరు మానేరు మీద కట్టిన డ్యాములో మునిగిపోయింది. ఇల్లు, బావి, వాకిట్లో ఆయన చిన్నప్పుడు పోసుకున్న అరుగు, అన్నీ నీళ్ళ కింద ఉన్నాయి. పునరావాసం కాలనీలో ఒక స్థలం ఇచ్చారు. పునాది వేసి, పిల్లర్ల ఇనుము పైకి లేపి ఆపారు. భార్య ఆవిడ అన్నగారింట్లో ఒక గదిలో ఉండేది. బాబాయి ఫోనులో ఆ పునాది ఫోటో ఉంది. ఏడాదికోసారి ఎవరో తీసి పంపేవారు. ప్రతిసారీ గడ్డి కొంచెం ఎత్తుగా ఉండేది.

"రెండేండ్లు ఈడ ఉండనిస్తే స్లాబు పడ్తది బిడ్డా. స్లాబు పడ్డదంటే ఇగ నాకేం వద్దు. ఇప్పుడు పొమ్మంటే ఏడికి పోవాలె? పాత ఇంటికి పోదామంటే ఈత కొట్టుకుంట పోవాలె."

ఆ చలికాలం ఒక ఉదయం, పొలాల దారిలో ట్రాఫిక్ పోలీసు మా బండి ఆపాడు. కుర్రవాడే. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు చూసి, బాబాయి లైసెన్సు తిప్పి చూసి, ఇది ప్రైవేటు లైసెన్సు, మూడున్నర టన్నుల దాకే చెల్లుతుంది, ఈ బండి అంతకు మించి ఉండేట్టుంది అన్నాడు. లోపల డాక్టరమ్మను చూసి జరిమానా వేయలేదు. ఈసారి పట్టుకుంటే బండి ఇక్కడే ఆపేస్తాను, ట్రాఫిక్ ఆఫీసుకు పోయి తేల్చుకోండి అని వదిలేశాడు.

క్లినిక్కుకు రాగానే మేనేజరు మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచాడు. ఆయన హైదరాబాదు పాతబస్తీ మనిషి. తెలుగూ ఉర్దూ కలిపి గబగబా మాట్లాడతాడు.

"చాచా, హెవీ లైసెన్సు కావాలంటే ఇఖామాలో డ్రైవర్ అని ఉండాలె. నీ ఇఖామాలో ఏమున్నది? ప్లంబర్. మార్పిద్దామంటే మన కంపెనీ యెల్లోల ఉన్నది. సౌదీలు సరిపోయినంత మంది లేరు కాబట్టి యెల్లో. యెల్లో ఉన్నోనికి ప్రొఫెషన్ చేంజ్ బంద్. సమజైందా?"

"సమజైంది సాబ్. మరి నేనేం చెయ్యాలె?"

"నీ ఇఖామా నలభై రోజులల్ల ఖతం. కఫీల్ సాఫ్ చెప్పిండు. బండి నడపరాని డ్రైవర్‌కు నేను లెవీ ఎందుకు కట్టాలె అంటున్నడు. ఖురూజ్ కొట్టిస్తడు."

ఖురూజ్ అంటే తిరిగి రాని ప్రయాణం. ఆ మాట వినగానే బాబాయి చేతిలోని టోపీని రెండుగా మడిచాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు.

అప్పుడు నేను చెయ్యెత్తాను. బడిలో పిల్లలా నిజంగానే ఎత్తాను. మేనేజరు ఆశ్చర్యపోయాడు. నేను క్లినిక్కులో చేరిన రెండేళ్ళలో ఆయనతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటాను.

"సార్, బండి రిజిస్ట్రేషన్ కార్డు మీద మూడు వేల యాభై అని ఉంది. నేను చూశాను. మూడున్నర టన్నులకు ఇంకా నాలుగు వందల యాభై కిలోలు తేడా ఉంది. మనం లోపల సామాను తగ్గించి, మనుషులతో కలిపి ఆ నాలుగు వందల యాభైలోకి తెస్తే లైసెన్సు సరిపోతుంది కదా?"

మందుల సీసాల మీద అరబిక్ అంకెలు చదివి చదివి నాకు ఆ కార్డు చదవడం వచ్చింది. ఆ గర్వం గొంతులో ఉండే ఉంటుంది. మేనేజరు బాబాయి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"చదువుకున్న పిల్ల చెప్తున్నది. సరే, తగ్గియ్. కాంటా వేయించి చీటీ తీసుకురా. చీటీ ఉంటే నేను కఫీల్‌తో మాట్లాడ్తా."

బయటికి వచ్చాక బాబాయి నా తల మీద చెయ్యి పెట్టబోయి, మళ్ళీ ఎందుకో ఆగి, ఆ చేతితో తన గడ్డం నిమురుకున్నాడు.

"ఎంత మంచిగ లెక్క చెప్పినవ్ బిడ్డా. నేను ఇన్నేండ్ల సంది ఈ కార్డు జేబుల పెట్టుకొని తిరుగుతున్న. ఒక్కనాడు సదవలేదు."

మరునాటి నుంచి బండిని తూకం వేయడం మొదలుపెట్టాం. క్లినిక్కులో రోగుల్ని తూచే యంత్రం ఒకటి ఉంది. దాన్ని వెనక వాకిట్లోకి తెచ్చి పెట్టుకున్నాం. బాబాయి ఒక్కో వస్తువూ దింపి తెచ్చేవాడు, నేను డైరీ వెనక పేజీల్లో రాసేదాన్ని. వేలాడే నీడగుడ్డ, దాని ఇనుప చట్రం. జనరేటరు. రెండో గ్యాసు సిలిండరు. మడత బల్ల. ట్యాంకు నిండా నీళ్ళు పెడితే నూట ఇరవై కిలోలు; ఇరవై లీటర్లే ఉంచాం. మనుషుల్ని కూడా తూచాలి అన్నాను. బాబాయి చెప్పులు విడిచి, దేవుడి గడప ఎక్కినట్టు ఎక్కాడు. అరవై ఒకటి. నేను నలభై ఆరు. డాక్టరమ్మ రానంది. తన బరువు తనకు తెలుసు, చెప్పను అంది. చివరికి నన్ను కళ్ళు మూసుకోమని, తనే చూసి, తనే నా డైరీలో రాసింది. తర్వాత చూస్తే ఎనభై మూడు అని రాసి పక్కన "బూట్లతో" అని ఉంది.

నా పుస్తకాలు పదకొండు కిలోలు. బాబాయి చదువుతున్న నవల ఒక్కటైనా ఉంచుదాం, అది ఎంతని అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "లెక్క లెక్కనే. రూలు అందరికి ఒక్కటే" అని ఆ అర కూడా మరలు విప్పి తీశాడు.

తర్వాత ఆయన వంతు వచ్చింది. బియ్యం డబ్బా, పప్పులు, గిన్నెలు, రేకు పెట్టె, పరుపు, రెండు కంబళ్ళు. ఒక కంబళి ఉంచుకున్నాడు. పరుపు లేని చెక్క మీద పడుకునేవాడు. జనరేటరు లేదు కాబట్టి హీటరు కూడా లేదు. తబూక్‌లో జనవరి అంటే పొద్దున్న బండి అద్దం మీద మంచు గీకి తీయాలి. ఆయనకు దగ్గు పట్టుకుంది. నేను మందు ఇస్తే, "ఇది ఎన్ని గ్రాములు? రాసినవా?" అని అడిగాడు.

చివరికి పనిముట్ల పెట్టె మిగిలింది. పైపు రెంచీలు, పైపులకు మరలు కోసే సాధనాలు, సీసం, జనపనార చుట్టలు. ముప్ఫై ఆరు కిలోలు. అది చాలాసేపు యంత్రం మీదే ఉంది. ముల్లు ఎప్పుడో ఆగిపోయినా ఆయన దింపలేదు.

"ఇది తియ్యకుంటే?"

లెక్క చూశాను. అది తీయకపోతే మూడు వేల ఐదు వందల పద్నాలుగు అవుతోంది.

"పద్నాలుగు కిలోలు ఎక్కువ బాబాయ్."

"తియ్యాల్సిందే."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లోనే మేము వెళ్ళే ద్రాక్ష పొలం ఫోర్‌మన్, పాకిస్తానీ పెద్దాయన, బాబాయిని పక్కకు పిలిచాడు. పొలం ప్లంబరు ఇంటికి వెళ్ళిపోయాడు, చుక్కనీటి పైపులు చూసే మనిషి కావాలి, నీ ఇఖామాలో ప్లంబరు అనే ఉంది కదా, పేరు మా పొలం మీదికి మార్చుకుంటాం, మా కంపెనీ గ్రీన్‌లో ఉంది, వారంలో చెప్పు అన్నాడు. అందుకు మా కఫీల్ ఒప్పుకునేవాడే. లెవీ తప్పుతుంది కదా. దారిలో బాబాయి ఆ మాట నాకు చెప్పాడు.

"ఏమంటవ్ బిడ్డా? పోదునా?"

ఆ పొలం ఊరికి ఎనభై కిలోమీటర్లు. రాత్రింబవళ్ళు నీళ్ళల్లో పని. ఆయన దగ్గుతున్నాడు. ఇంకొకటి కూడా ఉంది, అది డైరీలో ఆ రోజు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఆయన వెళ్ళిపోతే ఆ బండిలో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఉండడు.

"లెక్క సరిపోతోంది బాబాయ్," అన్నాను. "మీరు ఇక్కడే ఉండొచ్చు."

"గంతే మరి. మా బిడ్డ లెక్క చెప్పింది, నేనెందుకు పోత."

ఆ వారంలోనే ఆయన ఫోర్‌మన్‌కు వద్దని చెప్పాడు. పనిముట్ల పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక అదే పొలంలో పైపులు మోసే ఒక బెంగాలీ కూలీకి ఇచ్చేశాడు. ఒక్కొక్క రెంచీ ఎలా పట్టుకోవాలో గంటసేపు చూపించాడు.

కాంటా రోజు నాకు బాగా గుర్తుంది. గడ్డి పొలంలో లారీలు తూచే కాంటా ఉంది. అక్కడి వాళ్ళు మాకు తెలిసినవాళ్ళే, మేము బీపీ చూసేవాళ్ళే. బండి నిండా మందులు, మేము ముగ్గురం, సగం డీజిలు. బండిని మెల్లగా ఇనుప పలక మీదికి ఎక్కించి బాబాయి ఇంజను ఆపేశాడు. ఊపిరి కూడా బిగబట్టాడు. డాక్టరమ్మ తన చేతిసంచి కిటికీలోంచి బయట ఉన్న కాంటా మనిషి చేతికి ఇచ్చింది. చీటీ వచ్చింది. మూడు వేల నాలుగు వందల డెబ్బై ఎనిమిది.

నా లెక్క కూడా సరిగ్గా అంతే. ఒక్క కిలో తేడా లేదు.

డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. బాబాయి ఆ చీటీని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుతురులో చూశాడు. "ఇగ స్లాబే బిడ్డా" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా, ఇంటికి తలుపు ఏ దిక్కు పెట్టాలా, మునిగిన ఇంటికి తూర్పు వాకిలి, అదే పెడదామా అని అడుగుతూనే ఉన్నాడు. నేను తూర్పే పెట్టండి అన్నాను. ఆ రోజు డైరీలో ఒక పేజీ నిండా రాశాను. నా మీద నాకే ముచ్చటగా ఉన్నట్టుంది ఆ పేజీ. ఇప్పుడు చదవలేను.

మరునాడు ట్రాఫిక్ ఆఫీసుకు వెళ్ళాం. చీటీ చూపించి, ఇంకెవరూ ఆపకుండా ఒక ముద్ర వేయించుకోవాలని మేనేజరు చెప్పి పంపాడు. ఆడవాళ్ళం లోపలికి వెళ్ళకూడదు కాబట్టి డాక్టరమ్మా నేనూ బండిలోనే కూర్చున్నాం. పావుగంటకు బాబాయి ఒక అధికారితో బయటికి వచ్చాడు. తెల్ల గడ్డం, నెమ్మదైన మనిషి. చేతిలో మా చీటీ ఉంది. ఆయన లారీలు ఉన్న వైపు వెళ్ళినట్టు వెళ్ళి, మా బండి పక్క తలుపు దగ్గర వంగి, మెట్టు కింద దేనినో చేత్తో తుడిచాడు. అది మరలతో బిగించిన చిన్న రేకు. దాని మీద నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అన్నిటికంటే పై అంకె మీద వేలు పెట్టాడు. నాలుగు వేల రెండు వందల యాభై.

ఆయన విసుక్కోకుండా చెప్పాడు. బాబాయికి అరబిక్ ఎంత వచ్చో అంతకు తగ్గట్టు చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. ఈ బండి తయారుచేసినవాడు దీనికి రాసిన బరువు ఇది. నిండా ఎక్కిస్తే ఇంత దాకా వెళ్ళొచ్చు అని. లైసెన్సు చూసేది ఈ అంకెనే. మీరు లోపల ఏం పెట్టారు, ఏం తీశారు, ఈ రోజు కాంటా ఎంత చూపించింది, అది లైసెన్సు లెక్క కాదు.

బాబాయి అడిగాడు. "ఫాదీ ఉన్నా? లోపల ఏం లేకున్నా?"

"ఫాదీ, మల్యాన్, సేమ్ సేమ్," అన్నాడు అధికారి. ఖాళీదైనా నిండుదైనా ఒకటే. చీటీ మడిచి బాబాయి జేబులో తనే పెట్టి, భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

బాబాయి చాలాసేపు ఆ మెట్టు దగ్గరే వంగి ఉన్నాడు. తర్వాత వచ్చి సీట్లో కూర్చుని, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"కార్డు మీదున్న మూడు వేల యాభై ఏంది మరి?"

"అది ఖాళీ బండి బరువు బాబాయ్," అన్నాను. లైసెన్సుకు ఆ అంకెతో పనిలేదని నాకప్పుడే తెలిసింది.

"ఓ. గదా."

తాళం తిప్పి బండి తీశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం గదికి వచ్చి పాత డైరీ తీశాను. బండిలో పని మొదలుపెట్టిన మొదటి నెలలో, ఒక పొలంలో రోగులెవరూ రాని రోజున రాసుకున్న పేజీ. "మెట్టు కింద ఒక రేకు ఉంది. నాలుగు అంకెలు. పైది 4250. అంటే ఈ బండి అంత మోయగలదన్నమాట. డాక్టరమ్మకు చెప్పాను, మెట్టు విరుగుతుందని భయపడొద్దని." నా దస్తూరే. ఆ అంకె నాకు ముందే తెలుసు. చదివాను, రాసుకున్నాను, నవ్వుకున్నాను. కావలసినప్పుడు గుర్తు రాలేదు.

పొద్దున్నే బాబాయితో అన్నాను, ద్రాక్ష పొలం ఫోర్‌మన్‌కు ఫోను చేయమని. ఆయన అప్పటికే చేశాడు.

"ఆ పని ఆ బెంగాలీ పోరనికిచ్చిండ్రు," అన్నాడు. "పనిముట్లు ఉన్నయి, పని నేర్సుకున్నడు అని. మంచోడే పాపం. ఫోన్ల శుక్రియా చెప్పిండు." ఆ వెంటనే, "నా రెంచీలకు కొలువు దొరికింది బిడ్డా" అన్నాడు, ఒక పక్కకు నవ్వుతూ.

ఇంకో రెండు కంపెనీల్లో అడిగాడు. ఇఖామాకు పదకొండు రోజులే గడువుంది. అంతలోపు పేరు మార్పించుకునే తొందర ఎవరికీ లేదు. మేనేజరు ఖురూజ్ కాగితం తెచ్చి ఇస్తూ, "చాచా, నా చేతుల ఏం లేదు" అన్నాడు. నిజంగానే లేదు. నన్ను మాత్రం ఆయన ఆ రోజు చూడలేదు.

వెళ్ళడానికి ముందు రోజులన్నీ బాబాయి బండిలోకి సామాను తిరిగి ఎక్కించాడు. ఎవరూ అడగలేదు. కొత్త డ్రైవరు వస్తున్నాడు, హెవీ లైసెన్సు ఉన్న సౌదీ కుర్రవాడు. అతను వస్తే మా కంపెనీ రంగు కూడా మారవచ్చని మేనేజరు ఆశ. "వచ్చెటోనికి బండి నిండుగ ఉండాలె" అని బాబాయి జనరేటరు బిగించాడు, నీడగుడ్డ కట్టాడు, ట్యాంకు నిండా నీళ్ళు పట్టాడు. నా పుస్తకాల అర పాత మరల రంధ్రాల్లోనే బిగించి, రబ్బరు పట్టీ కొత్తది వేశాడు. తన పరుపు మాత్రం ఎక్కించలేదు.

చివరి ఉదయం ఆయన సంచిని అదే యంత్రం మీద పెట్టాం. ఇరవై మూడు. ఇరవై ఏళ్ళు ఇక్కడ బతికిన మనిషి, ఇరవై మూడు కిలోలు.

"ఎంత తీస్కపోనిస్తరు?"

టికెట్టు తీసి చూశాను. ముప్ఫై అని ఉంది. రెండోసారి చూశాను. మూడోసారి చూసి, విమానం కంపెనీ ఆఫీసుకు ఫోను చేశాను. ఫోను అంటే నాకు భయం. అయినా చేసి, ముప్ఫై అంటే సంచితో కలిపా, సంచి కాకనా అని అడిగాను. అటు వైపు మనిషి అర్థంకాక రెండుసార్లు చెప్పించుకున్నాడు. బాబాయి పక్కన నిలబడి వింటున్నాడు. నేను ఫోను పెట్టేశాక నవ్వాడు. ఆ మూడు వారాల్లో ఆయన మనసారా నవ్వింది అదే.

"ఖాళీ సంచి బరువు అడుగుతున్నవా బిడ్డా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆయన నవ్వు ఆపి, "జాగ ఏడు కిలోలున్నది. ఏమన్న ఉంటే పెట్టు, మీ ఇంటికి పంపిస్త" అన్నాడు. నేను బండిలోకి వెళ్ళి అరలోంచి ఆ నవల తెచ్చి సంచిలో పెట్టాను. ఆయన గుర్తుగా పెట్టుకున్న మందు చీటీ నూట పన్నెండో పేజీలో అలాగే ఉంది.

"క్షమించండి బాబాయ్," అన్నాను. ఎన్నో రోజులుగా అనుకున్న మాట. చాలా చిన్నగా వచ్చింది.

"ఏందిరా అది," అన్నాడు. "నువ్వు చెప్పకుంటే ఆ దినమే పోతుంటి. నలభై దినాలు ఉంచినవ్."

ఎయిర్‌పోర్టుకు మేనేజరు కారులో వెళ్ళాడు. బండిలో వెళ్ళడానికి లైసెన్సు లేదు.

కొత్త డ్రైవరు మంచివాడే. బండి నడుపుతూ ఫోనులో నవ్వుకుంటూ ఉంటాడు. మాతో మాట్లాడడు. డాక్టరమ్మ ఒకటి రెండుసార్లు, "నీ బాబా ఎలా ఉన్నాడు?" అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. ఫోను చేసే ధైర్యం రాలేదు.

డ్రైవింగు స్కూల్లో ఆ ప్రశ్న అడిగిన వారంలోనే బాబాయి నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. అదే పునాది. గడ్డి కోసేశారు. పైకి లేచిన పిల్లర్ల ఇనుము తుప్పుపట్టి అలాగే ఉంది. ఒక మూలన మాత్రం ఇటుకలతో ఒక గది లేచింది. స్లాబు లేదు. పైన రేకులు. రేకులు ఎగిరిపోకుండా మీద అక్కడక్కడ రాళ్ళు. వాకిలి తూర్పుకే ఉంది. గడప మీద ఒకావిడ కూర్చుని ఉంది, ముఖం సరిగ్గా కనిపించలేదు.

ఫోటో కింద మాట రికార్డు చేసి పంపాడు. వెనక గాలి హోరు.

"బిడ్డా, మంచిగున్నవా? ఒక్క అర్ర ఏసినం. రేకులే. గాలికి లేస్తున్నయని రాళ్ళు పెట్టిన. ఎక్కువ పెడ్తె రేకు వంగుతది, తక్కువ పెడ్తె లేస్తది. ఎన్ని కిలోలు పెట్టాలెనో జర లెక్క చెప్పు. నీకైతే తెలుస్తది. పుస్తకం అయిపోయింది. ఆ పిల్ల ఎల్లిపోయింది, నేను అనుకున్న."

నాలుగైదు సార్లు విన్నాను. రేకు పొడవు ఎంతో, ఎన్ని గజాల గదో అడిగి లెక్క వేయవచ్చు. వేలు ఫోను మీదికి వెళ్ళింది. గది ఎంత వెడల్పు అని రాసి చెరిపేశాను.

"నాకు తెలియదు బాబాయ్," అని రాశాను. "అక్కడి మేస్త్రీని అడగండి. రాళ్ళు కాదు, కొక్కేలు వేసి బిగించమనండి."

పంపాక చాలాసేపు జవాబు రాలేదు. తర్వాత ఒక్క మాట వచ్చింది. "సరే బిడ్డా." రాళ్ళు తీశాడో లేదో ఇంకా తెలియదు. సిరిసిల్ల వైపు కూడా వానలు మొదలయ్యాయని మా అమ్మ నిన్న ఫోనులో చెప్పింది.